తళుకు దారం

మెళ్ళో ముత్యాల దండ వేసుకుని అద్దంలో చూసుకునేటప్పుడు "ఇందులో ఎన్ని చేపలున్నాయో!" అని మనలో ఎవరమైనా అనుకుంటామా? అనుకోం. కాని వెనకటి రోజుల్లో చవక ముత్యాల నిగనిగంతా చేపలదే. 17వ శతాబ్దంలో పారిస్‌లో జపమాలలు చేసి అమ్ముకునే ఒకాయన, చిన్న ఏటి చేపల్ని కడిగిన నీళ్ళల్లో వెండిపొడి తేలుతున్నట్టు వుండడం చూశాడట. ఆ పొలుసుల తళుకుని తీసి, బోలు గాజుపూసల లోపల పూసి, మైనంతో నింపితే అచ్చం ముత్యం! కాస్తంత పూతకి వేల చేపలు కావాలి. గ్వానిన్ అనే పదార్థం సన్నటి పలుకులుగా పేరుకోవడం వల్ల పొలుసుకి ఆ మెరుపు వస్తుందని తరవాతి వాళ్ళు తేల్చారు. గోళ్ళ రంగుల్లో కూడా ఇది కలిసింది.

అంటే చేప తళుకు చూసి మనిషి, ముఖ్యంగా మనిషి భార్య, ముచ్చటపడింది. దానికి బదులు తీర్చుకుంటున్నట్టు మనిషి తళుకు దారం చుట్టి చేపని పిలుస్తాడు. నేను చెప్పబోయేది ఆ దారం సంగతి.

గాలం అనగానే మనకి వానపామో, పిండిముద్దో గుర్తొస్తుంది. ఇంగ్లండు, స్కాట్లండు, అమెరికా దేశాల్లో ఇంకో పద్ధతి వుంది. గాలపు ముల్లు మీద ఈకలు, బొచ్చు, పట్టు, తళుకు దారం చుట్టి, పురుగులాంటిదో చిన్న చేపలాంటిదో ఒకటి కడతారు. దాన్ని ఫ్లై అంటారు, అంటే ఈగ. పేరుకి ఈగే గాని కొన్ని మన పెళ్ళికూతురి జడగంటల కంటే షోకుగా వుంటాయి. కట్టడం కూడా పెద్ద విద్యే. మాంసం ముక్క గాని, తినే పదార్థం గాని అందులో ఇసుమంత వుండదు. అంతా అలంకారం, లోపల ముల్లు.

పోయిన సంవత్సరం స్కాట్లండులో వుద్యోగం చేస్తున్న మా మేనల్లుడి దగ్గర నెల్లాళ్ళు వున్నాను. పెళ్ళికాని కుర్రాడు. సెలవు రోజున ఏ సినిమాకో వెళ్ళకుండా ఏటికి పోయి మోకాలి లోతు నీళ్ళల్లో పొద్దంతా నిలబడతాడు. వీడికేదో ప్రేమ విఫలమైందనుకున్నాను. (నవలలు రాసేవాళ్ళకి అంతకంటే మంచి ఆలోచనలు రావు.) తీరా అడిగితే సాల్మన్ చేపల కోసమట. ఓ రోజు ఈగలు కట్టే సామాను కొనడానికి వెడుతూ నన్నూ తీసుకెళ్ళాడు.

ఆ కొట్టులో గోడ పొడుగునా చిన్న చిన్న దారపు కండెలు. వెండి, బంగారం, రాగి, నీలం తళుకు, ఆకుపచ్చ తళుకు. రిబ్బనులా చదునుగా వున్నది ఒకటి, తాడులా గుండ్రంగా వున్నది ఒకటి, మీద నొక్కులు నొక్కినది ఒకటి, వెంట్రుకంత సన్నటి తీగె ఒకటి. చేపల కొట్టని ముక్కు మూసుకుని వెళ్ళిన దాన్ని, చూద్దును కదా, మన జరీ కొట్టే!

పోలిక పై పైది కాదండీ. అసలు జరీ ఎలా చేస్తారో మీకు తెలుసు కదా. వెండిని సన్నటి తీగెగా లాగి, రేకులా చదును చేసి, పట్టుపోగు చుట్టూ చుట్టి, దానిమీద బంగారు పూత పూస్తారు. అక్కడి పాతకాలపు తళుకు దారం కూడా అంతే. మధ్యన పోగు, చుట్టూ లోహపు రేకు. మనం దాన్ని చీర అంచున పెట్టుకున్నాం, వాళ్ళు గాలానికి చుట్టారు.

"అత్తయ్యా, చీరలు కొనీ కొనీ నీకు అనుభవం కదా. వీటిల్లో ఏది తీసుకోమంటావు?" అన్నాడు మావాడు.

"నీళ్ళు తగిలితే నల్లబడుతుందేమో ముందు అది అడుగు" అన్నాను.

కొట్టాయన నవ్వాడు. పాతరోజుల్లో ఆ తంటా వుండేదిట. వెండి దారం నల్లబడకుండా వార్నిష్ పూసేవాళ్ళట, గాలి తగలకుండా కాగితంలో చుట్టి దాచేవాళ్ళట. మా అమ్మ పట్టుచీరని పాత పంచెలో చుట్టి పెట్టెలో పెట్టినట్టే. ఇప్పుడు ఆ బాధ లేదు. సన్నటి పాలియెస్టర్ పొర మీద లోహపు పూత. మైలార్ అంటారు. నల్లబడదు, తెగదు, చవక. ఒక వైపు బంగారు రంగు, ఒక వైపు వెండి రంగు. ఏ వైపు పైకి కావాలంటే ఆ వైపు పైకి వచ్చేలా చుట్టుకోవచ్చు. మన వూళ్ళల్లో ప్లాస్టిక్ జరీ అని పెదవి విరుస్తామే, అది దీని చెల్లెలే. "పాత పట్టుచీరలు కొంటాం" అంటూ వీధిలో అరిచేవాడు దాన్ని వేళ్ళతో తడిమి చూసి మన మొహాన కొట్టి పోతాడు. కాల్చినా అందులోంచి రవ్వంత వెండి రాదు మరి.

ఎంపికలో చాలా సూక్ష్మం వుంది. అక్కడి ఏళ్ళల్లో నీళ్ళు తేయాకు డికాషన్‌లా వుంటాయి. కొండల మీది పీట్ నేలల్లోంచి ఊరి వస్తాయి కనక ఆ రంగు. అలాంటి నీళ్ళల్లో బంగారు దారం బాగా పలుకుతుందని, తేటనీళ్ళల్లో, ఎండ వున్న రోజున వెండి దారం మేలని అనుభవజ్ఞులు చెబుతారు. నీళ్ళు పొంగి మసకగా వుంటే తళుకు కాస్త హెచ్చు వుండొచ్చు. నీళ్ళు తగ్గి అద్దంలా వున్నప్పుడు ఈగ చిన్నదిగా, నిరాడంబరంగా వుండాలి. ఇప్పుడు దువ్వెనలోంచి ఊడిన వెంట్రుకల్లాంటి మెరిసే పోగులు కూడా వచ్చాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు అవి గుప్పెడేసి పెట్టేస్తారట. "రెండు మూడు పోగులు చాలత్తయ్యా. ఎక్కువైతే చేప బెదిరి పారిపోతుంది" అన్నాడు మావాడు. పెళ్ళిళ్ళకి ఒంటినిండా నగలు దిగేసుకుని వచ్చే మా బంధువొకావిడ గుర్తొచ్చి నవ్వుకున్నాను. పేరు చెప్పను, ఈ పత్రిక ఆవిడా చదువుతుంది.

ఇంకో సంగతి నాకు మరీ నచ్చింది. ఈగ ఒంటి చుట్టూ కోడి మెడ ఈకని ఒక దిశలో చుడతారు. ఆ పైన తళుకు దారాన్ని దానికి ఎదురు దిశలో, ఎడంగా చుట్టుకుంటూ వస్తారు. ఎందుకంటే చేప పళ్ళకి ఈక కాడ తెగినా ఆ దారం దాన్ని ఊడిపోనివ్వదు. నేను ఇన్నాళ్ళూ మెరుపు వేరు, పట్టు వేరు అనుకున్నాను. ఇక్కడ మెరిసేదే కట్టుగా వుంది. వాడి పెట్టెలో చేప నమిలిన ఈగ ఒకటి చూపించాడు. బొచ్చంతా చిరిగింది, రంగు వెలిసింది. దారపు చుట్లు మాత్రం చెక్కుచెదరకుండా వున్నాయి.

ఇంతవరకూ బాగానే వుంది. వంటింటి భాషలో చెప్పాలంటే, ఆకలిగా వున్న వాడికి వాసన చూపించి లోపలికి పిలవడం. మోసమే అయినా అర్థమయ్యే మోసం. కాని సాల్మన్ విషయంలో ఒక తమాషా వుంది. అది పుట్టేది ఏట్లో. పెరిగేది సముద్రంలో. గుడ్లు పెట్టడానికి మళ్ళీ పుట్టిన ఏటికే వస్తుంది. అలా ఏట్లో అడుగు పెట్టిందగ్గర్నుంచి అది ఏమీ తినదు. ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే ఎదురీదుతుంది. నెలల తరబడి వుపవాసం! ఆకలి లేని ఆ చేప ఈగని ఎందుకు నోట కరుచుకుంటుందో ఇప్పటికీ గట్టిగా ఎవరూ చెప్పలేరు. సముద్రంలో చిన్న చేపల మెరుపు వెంట పడిన పాత అలవాటు అంటారు కొందరు. చిరాకు అంటారు కొందరు. వట్టి కుతూహలం అంటారు ఇంకొందరు.

ఆ రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఆకలి లేకుండా తళుకు వెనకపడడం ఒక్క చేపకేనా? బీరువాలో కట్టని చీరలు పద్ధెనిమిది వుండగా ఆషాఢం తగ్గింపు అమ్మకాలకి వెళ్ళేది ఎవరు? అక్కడ మనకి కావలసింది చీర కాదు. ఆ దీపాల కింద ఆ అంచు అలా మెరవడం, అంతే.

అన్నట్టు మనకి మాయలేడి వుంది కదా. బంగారు ఒళ్ళు, వెండి చుక్కలు. యుగాల నించి ఆడవాళ్ళని దెప్పడానికి ఆ కథ పనికొస్తోంది. జనకుడి కూతురికి, దశరథుడి కోడలికి బంగారం కొత్తా? రాజ్యం వదిలి నారచీర కట్టుకోవడానికి సిద్ధపడి వచ్చిన మనిషి అది. ఆవిడ కూడా ఆ సాల్మన్ లాగే వుపవాసంలో వుంది. అయినా కళ్ళు అటు తిరిగాయి. లక్ష్మణుడు "ఇది మారీచుడి మాయ" అని చెప్పనే చెప్పాడు. రాముడు మాత్రం ఆ లేడి అందం చూసి తనూ మెచ్చుకున్నాడు. వాల్మీకి ఈ సంగతి దాచలేదు, మన పెద్దవాళ్ళే దాటేస్తారు.

సీతని తప్పు పట్టేవాళ్ళూ, సమర్థించేవాళ్ళూ కావలసినంతమంది వున్నారు. నన్ను వేధించేది మారీచుడు. వాడికి ఇష్టం లేదు. రావణుడికి వద్దని చెప్పి చూశాడు, వినకపోతే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక మాత్రం పని ఎంత చక్కగా చేశాడు! ఎత్తుకుపోయేది నేను కాదు కదా అనుకున్నాడా? మెరవడం వరకే తన పని అనుకున్నాడా? తళుకు చుట్టేవాడికి ముల్లుతో ఎంత సంబంధం వుంది?

ఈ ప్రశ్న మారీచుడి దగ్గర ఆగిపోతే పురాణ కాలక్షేపం అయ్యేది. కాని ఈగలు కట్టినవాళ్ళలో ఎక్కువ పేరున్నవాళ్ళు ఎవరని మావాణ్ణి అడిగితే వాడు ఆడవాళ్ళ పేర్లు చెప్పాడు. అమెరికాలో మేరీ ఆర్విస్ మార్బరీ అనే ఆవిడ 1876 నుంచి వాళ్ళ నాన్నగారి వ్యాపారంలో ఈగలు కట్టించే పని నడిపింది. కట్టేవాళ్ళంతా ఆడపిల్లలు. ఎవరి ఈగ ఎక్కడ ఎలా పనిచేసిందో చేపలు పట్టేవాళ్ళ దగ్గర వుత్తరాలు తెప్పించి, 1892లో పెద్ద పుస్తకం వేసింది. ఇవాళ కెన్యాలో ఈ పని కుటీర పరిశ్రమలా సాగుతోంది. అక్కడా ముళ్ళకి తళుకు చుట్టే చేతులు చాలామటుకు ఆడవాళ్ళవే. ఆ ఈగలు ఈదబోయే నదులు వాళ్ళు కళ్ళతో చూసి వుండరు.

వీళ్ళందరిలో నా మనసు పట్టుకున్నావిడ మేగన్ బాయిడ్. 1915లో పుట్టింది. స్కాట్లండు ఉత్తరాన బ్రోరా అనే వూరి దగ్గర, సముద్రం కనిపించే చిన్న ఇంట్లో ఒంటరిగా బతికింది. చాలా ఏళ్ళు ఆ ఇంటికి కరెంటు లేదు. వాళ్ళ నాన్నగారు ఏటి కాపలా వుద్యోగి. చిన్నప్పుడు ఒక కాపలాదారు దగ్గర ఈగలు కట్టడం నేర్చుకుంది. ఒక ఈగని పోగు పోగూ విప్పి, తిరిగి చిన్న ముల్లు మీద కట్టడం ఆయన పెట్టిన పాఠం. ఆ పైన దాదాపు అరవై ఏళ్ళు కిటికీ పక్కన బల్ల దగ్గర కూచుని అదే పని. ఈకా ఈకా, చుట్టూ చుట్టూ సరిపోవాలి. ఆవిడ కట్టిన ఈగల కోసం దేశదేశాల వాళ్ళు కాచుకునేవాళ్ళు. ఇప్పటి రాజుగారు, అప్పటి యువరాజు ఛార్లెస్, ఆవిడ దగ్గర ఈగలు తీసుకునేవాడు.

మేగన్ బాయిడ్ మాత్రం చేపలు పట్టేది కాదు. చంపడం ఆవిడకి ఇష్టం లేదు.

ఇది చదవగానే నాకు ముందు కోపం వచ్చింది. ఇదెక్కడి ధర్మం? కత్తి నూరి ఇస్తాను గాని కోయను అన్నట్టు లేదూ? బి.ఏ.లో మాకు నీతిశాస్త్రం చెప్పిన మాస్టారు కాంట్ గురించి చెబుతూ, హంతకుడు వచ్చి అడిగినా సరే అబద్ధం ఆడకూడదని ఆయన 1797లో రాశాడంటే, వెనక బెంచీ వాళ్ళం గుసగుసగా నవ్వుకున్నాం. ఆ లెక్కన జీవితమంతా చేపలకి అబద్ధం అల్లిన ఈవిడ ఏమవుతుంది?

కాని కోపం ఎంతసేపు నిలుస్తుంది? మా స్నేహితురాలి కూతురికి పెళ్ళిచూపులు. తల్లి గద్వాల చీర తీసి, అంచు కనిపించేలా కుచ్చిళ్ళు సర్దుతోంది. ఆ పిల్ల నవ్వకుండా అడిగింది, "అమ్మా, ఇంతకీ నేను ఎరనా, చేపనా?" అని. తల్లి చెయ్యి అక్కడే ఆగిపోయింది. పక్కనే కూచున్న నాకూ జవాబు దొరకలేదు. తల్లులం మనం చంపం. చంపేవాళ్ళ ఇంటికి పంపాలనీ అనుకోం. కుచ్చిళ్ళు సర్దుతాం, అంతే. తీరా ఆ పిల్ల చీర విప్పేసి, రోజూ ఆఫీసుకి వేసుకెళ్ళే నూలు చుడీదారుతో వచ్చి కూచుంది. "అది కూడా ఒక ఎరేనే" అంది తల్లి నా చెవిలో, పళ్ళు కొరుకుతూ. ఆవిడా తెలివైనదే.

ఇక నా వృత్తి సంగతి. వారపత్రికకి సీరియల్ రాయడం అంటే ప్రతి వారం చివర ఒక ముల్లు, దానికి తళుకు. తలుపు చప్పుడవుతుంది, కథానాయిక గుండె ఝల్లుమంటుంది, తరువాయి వచ్చే వారం. వచ్చే వారం ఆత్రంగా తెరిచి చూస్తే తలుపు అవతల పాలవాడు! ఈ విద్య మా వాళ్ళల్లో కొందరికి బాగా తెలుసు. అలాంటి సీరియల్ చదివి మా పిన్ని ఒకసారి పత్రికని ఎత్తి అటక మీదికి విసిరేసింది.

అందుకని మేగన్ బాయిడ్ చేతులు కడిగిన ముత్యాలని నేను అనను. ఆవిడ కట్టిన ఈగతో పోయిన చేపల లెక్క ఆవిడకీ చెందుతుంది. అయితే ఆవిడని కపటి అని కూడా అనలేను. తన పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆవిడకి తెలుసు. ఆ గీత ఇవతలే నిలబడింది. వూళ్ళో వాళ్ళు మెచ్చుకుంటే మురిసిపోయే రకం కూడా కాదు. 1971లో ఆవిడకి బ్రిటిష్ ఎంపైర్ మెడల్ ఇచ్చారు. ఆ రోజున కుక్కని చూసుకోవడానికి ఎవరూ లేరని చెప్పి ప్యాలెస్‌కి వెళ్ళలేదు. తరవాత యువరాజే తెచ్చి ఇచ్చాడు.

ఇంతకీ ఆ షోకంతా చేప కోసమేనా అంటే అదీ కాదు. 1850 ప్రాంతంలో పుట్టిన జాక్ స్కాట్ అనే ఈగ వుంది. వెండి దారం చుట్లు, రెండు రంగుల పట్టు, దేశదేశాల పక్షుల ఈకలు, చెంపల దగ్గర మన దక్షిణాది అడవికోడి మెడ మీది చుక్కల ఈక. ఆ అడవికోడి ఈకలు మన దేశం నుంచి పంపడం ఇప్పుడు నిషేధం. అక్కడే పెంచుతున్న కోళ్ళ ఈకలు వాడుతున్నారు. ఇంత ఆర్భాటం లేని ఈగకి కూడా సాల్మన్ పడుతుందని చేపలు పట్టేవాళ్ళే ఒప్పుకుంటారు. పాతకాలపు ఈగల్ని నీళ్ళల్లో వెయ్యకుండా, అద్దాల పెట్టెల్లో పెట్టుకోవడానికే కట్టేవాళ్ళు బోలెడంతమంది. 2009లో సంగీతం చదువుకునే కుర్రాడొకడు ఇంగ్లండులో ట్రింగ్ అనే వూళ్ళో మ్యూజియంలోకి దూరి 299 పక్షుల చర్మాలు ఎత్తుకుపోయాడు. ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ అడవులు పట్టి తిరిగి సేకరించినవి కూడా వాటిల్లో వున్నాయి. ఎందుకంటే ఈగలు కట్టే పిచ్చి! ఇందులో చేప ఎవరో మీరే చెప్పండి.

అసలు చేప మాత్రం తగ్గిపోతోంది. 2023 డిసెంబరులో అట్లాంటిక్ సాల్మన్‌ని బ్రిటన్ మటుకు అంతరించే ప్రమాదంలో వున్న జీవుల జాబితాలోకి చేర్చారు. స్కాట్లండులో చాలా నదుల్లో పట్టిన చేపని తిరిగి నీళ్ళల్లో వదిలెయ్యాలని రూలు వుంది. మావాడు అలాగే వదిలేస్తాడు. "మరి పట్టడం ఎందుకురా?" అంటే, "చేతిలో పట్టుకున్న ఆ ఒక్క క్షణం కోసం అత్తయ్యా" అన్నాడు. దాని నోటికి తగిలిన నొప్పి మాట వాడు ఎత్తలేదు, నేనే ఎత్తాను. కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

మేగన్ బాయిడ్‌కి ముసలితనంలో చూపు మందగించింది. సన్నటి దారం కనపడక పని మానేసింది. 2001లో పోయింది.

నేను శనివారం లోపల నా సీరియల్ పదకొండో భాగం పంపాలి. చివరి పేరాలో తలుపు చప్పుడవుతుంది. అవతల ఎవరున్నారో ఇప్పుడే చెప్పేస్తే ఎడిటరుగారు నన్ను బతకనివ్వరు. పాలవాడు మాత్రం కాదు.